ఆదివారం గుంట

గాజువాక,
బుధవారం.

బంగారం లాంటి అప్పకి,

నీ అనూరాధ దండాలు పెట్టి రాస్తున్నది. ముందు వెళ్ళి తలుపేసుకో. బావ దగ్గరలో ఉంటే ఈ కాగితం మడిచి దాచుకుని, ఆయన కొట్టుకి వెళ్ళాక చదువు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. నీ కుడిచెవి వినిపించడం మానేసిన దగ్గర్నుంచి నీతో మాట్లాడాలంటే నేనిక్కడ అరవాలి, నువ్వక్కడ స్పీకర్ పెట్టాలి. నేను అరిస్తే మా మూడంతస్తులూ వింటాయి. నీ స్పీకర్‌కి తగరపువలస మార్కెట్ సగం వింటుంది. ఇది మార్కెట్ వినే మాట కాదు. ఇక్కడ పోస్టు డబ్బా ఎక్కడుందో కనుక్కోవడానికే నాకు రెండు రోజులు పట్టింది. అడిగిన ప్రతివాళ్ళూ "కొరియరా ఆంటీ?" అన్నారు.

అప్పా, మీ మరిది మీద నాకు అనుమానం వచ్చింది. నవ్వకు. "నీకు అనుమానం రానిదెప్పుడే" అంటావని తెలుసు. మా యశస్విని కూడా "అమ్మా, నీకు డౌట్ అనేది హాబీ" అంటుంది. పదిహేడేళ్ళు నిండాయో లేదో, అప్పుడే నాకు పేర్లు పెడుతోంది. నిజమే, పాలవాడు చిక్కగా పోస్తే కూడా ఎందుకు పోశాడా అని చూస్తాను. నా బుద్ధి అంతే. కానీ ఇది పాల సంగతి కాదు. ఇరవై ఏళ్ళ కాపురం సంగతి.

దీనంతటికీ మూలం వాళ్ళ వాట్సాప్ గ్రూపు. పేరు 'పోర్టు కాకులు'. ఈయన నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో పనిచేసేవారు కదా, అప్పట్లో ఆ క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లలు వీళ్ళు. బొగ్గు దుమ్ములో ఆడి నల్లగా తిరిగేవాళ్ళని ఆ పేరట. గ్రూపు నిండా ఒకటే గోల. పలకా బలపం బొమ్మ పెట్టి ఒకడు, పాత ఇంకు పెన్ను బొమ్మ పెట్టి ఇంకొకడు, కింద అందరూ "ఆ రోజులే వేరురా" అని కన్నీళ్ళ బొమ్మలు. యాభైకి దగ్గరపడ్డ మగాళ్ళు! వీళ్ళు చిన్నప్పుడేం చేశారప్పా? మీసాలెప్పుడొస్తాయా, ఫుల్ ప్యాంటెప్పుడు కుట్టిస్తారా అని ఏడ్చారు. అవి వచ్చాక ఇప్పుడు నిక్కరు కోసం ఏడుస్తున్నారు. ఈ వయసులో మగవాడు చిన్నతనం గురించి ఇంత మాట్లాడుతున్నాడంటే ఇప్పటిదేదో దాస్తున్నాడని నా లెక్క.

ఆర్నెల్ల నుంచి ఆదివారం పొద్దున్న ఆరున్నరకి "వాకింగ్" అని స్కూటరు తీస్తాడు. వాకింగ్‌కి స్కూటరెందుకని అడిగితే "బీచ్‌లో నడుస్తానే" అంటాడు. వచ్చేది పదిన్నరకి. నాలుగు గంటలు నడిచిన మనిషి ఈపాటికి అనకాపల్లి చేరాలి. వచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతూ ఉంటుంది. ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఎర్రమట్టి. మోచేతులు గీసుకుపోయి ఉంటాయి. బీచ్‌లో ఎర్రమట్టి ఎక్కడిది? ఎర్రమట్టి ఎక్కడుంటుందో నీకు తెలుసు, మీకు దగ్గరే. ఆ ఎర్రమట్టి దిబ్బల చాటుకి ఏ జంటలు వెళ్తాయో, ఎందుకు వెళ్తాయో కూడా తెలుసు.

ఇంకా విను. పోయిన ఆదివారం చొక్కా ఉతకబోతే జేబులో బెల్లం జీళ్ళ పొట్లం. షుగర్ మాత్ర వేసుకునే మనిషి జేబులో జీళ్ళెందుకప్పా? ఎవరి కోసం కొన్నట్టు?

ఇవన్నీ కూడా సర్దుకుందును. నిన్న విన్న మాట మాత్రం సర్దుకునేది కాదు. బాల్కనీలో నిలబడి ఆ గురునాథరావుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాడే, ఆయన. నేను బట్టలు తేవడానికి వెళ్తూ తలుపు వెనక ఆగాను. ఈయన అంటున్నాడు: "పోయిన వారం గుంట మరీ చిన్నదైపోయిందిరా. ఈసారి గుంట సంగతి నేను చూసుకుంటాను. నువ్వు జీళ్ళు తే చాలు." అని నవ్వు!

గుంట! ఎవరో ఆడపిల్ల, మరీ చిన్నదట! ఎవరి కన్నబిడ్డో! పెళ్ళయిన కొత్తలో నేను నిన్ను అప్పా అంటే "అక్కని అప్ప అంటావేంటే, మీ భాషే వేరు" అని వెక్కిరించిన మనిషి, కూతురు పుట్టేసరికి మన మాటలన్నీ నేర్చేసుకున్నాడు. ఆసుపత్రిలో యశస్వినిని ఎత్తుకుని "మా గుంట" అన్నది మొదట ఈయనే. ఆ మాట మా ఇంట్లో మా బిడ్డది. ఆ నోటితోనే ఇంకెవరి పిల్లనో అంటున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ట్యాపు తిప్పి బాత్రూంలో కూర్చున్నాను.

ఒక పని చేసిపెట్టు. ఏదో వంక పెట్టి ఈ ఆదివారం బావని ఆ దిబ్బల వైపు పంపించు. అసలు సంగతి చెప్పకు. తెలిసిన ముఖమేదైనా అక్కడ కనబడిందా అని వచ్చాక అడుగు. నిజమే అయితే యశస్వినిని తీసుకుని నీ దగ్గరికి వచ్చేస్తాను. మన వాళ్ళు కాదు, గోదావరి వాళ్ళు, వద్దే అని అమ్మ అన్నా వినకుండా చేసుకున్న పెళ్ళి ఇది. ఇంక చెప్పుకోవడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

నీ చెల్లెలు,
అనూరాధ


గాజువాక,
శుక్రవారం.

అప్పకి,

బావ ఆదివారం దిబ్బలకి వెళ్ళొచ్చాక, సోమవారం నీ ఫోను వచ్చినప్పుడు ఈయన పక్కనే కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. నువ్వేమో స్పీకర్లో "దిబ్బలకాడ పెళ్ళి ఫొటోలోళ్ళు తప్ప ఎవురూ లేరంట! ముందు నీ కళ్ళతో సూడు, అప్పుడు ఏడు!" అని గట్టిగా అరిచి పెట్టేశావు. ఈయన "మీ అప్ప ఏం చూడమంటోందే?" అన్నాడు. సీరియల్ అన్నాను. నమ్మాడు. అంత తేలిగ్గా ఎందుకు నమ్మాడా అని మళ్ళీ ఇంకో అనుమానం.

దిబ్బలు కాకపోతే ఇంకోచోటు. విశాఖపట్నంలో ఎర్రమట్టికి కరువా?

మాకు చేపలు తెచ్చే సీతాలుతో మాత్రం చెప్పాను. ఎవరితో ఒకరితో చెప్పకపోతే తల పగిలిపోయేలా ఉంది. తట్ట దింపుతూనే "ఏటమ్మా, మొకం అలాగెట్టావేటి? సేపలు నిన్నటియి కావు, ఒట్టు" అంది. చేపలు కాదే అని అంతా చెప్పాను. అది బుగ్గ మీద చెయ్యి వేసుకుని "మోకాలి మీద మట్టా? అమ్మో! నాను కూడా వస్తన్నాను. మా తమ్ముడి ఆటో ఉంది. ఆదివారం ఎనకాల ఎల్దాం" అంది. నాకంటే దానికే తొందరగా ఉంది.

కాబట్టి ఎల్లుండి వెళ్తున్నాం. బట్టలు ఒక బ్యాగులో సర్ది మంచం కింద పెట్టాను. యశస్వినికి ఇంకా ఏమీ చెప్పలేదు. దాని పరీక్షలు దగ్గరపడ్డాయి.

అప్పా, నిన్న సాయంత్రం ఒకటి జరిగింది. ఈయన ఉన్నట్టుండి "రాధా, మీ ఊళ్ళో చిన్నప్పుడు మీరు ఏం ఆడేవారే?" అని అడిగాడు. నేను జవాబు చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఎప్పుడు ఆ మాటెత్తినా నేను చేసేది అదే. కూర అడుగంటుతోందని చెప్తాను. స్టవ్ మీద కూరే ఉండదు.

మరి ఏం చెప్పను? గోళీలాడేదాన్ని అని చెప్పనా? ఆ రోజు నీకు గుర్తుందో లేదో కానీ నాకు తేదీతో సహా గుర్తుంది. నువ్వు పెద్దమనిషివై మూడో రోజు. నీకు పదమూడు, నాకు పదకొండు. నిన్ను పెరటి గదిలో తాటాకు చాప మీద కూర్చోబెట్టారు. నేను గోడకి ఇవతల మగపిల్లలతో ఆడుతున్నాను. మా గొయ్యి చుట్టూ ఆరుగురు. అప్పటికి ఐదుగురి గోళీలు నావే. పాలపొడి డబ్బా నిండిపోయింది. "పడింది!" అని అరిచాను. ఆ అరుపు ఇంకా నోట్లో ఉండగానే అమ్మ వచ్చి నా రెక్క పట్టుకుని లేపేసింది. "ఇంక సాలు. ఇంక నువ్వు గుంటవి కావు" అంది. డబ్బా తీసుకెళ్ళి బావిలో పోసేసింది. అవి ఒక్కొక్కటే నీళ్ళలో పడటం విన్నాను.

నేను పెద్దమనిషిని అవడానికి ఇంకా రెండేళ్ళుంది. నాకెందుకు ఆ శిక్ష? ఆ రోజు నుంచి అమ్మ నన్ను బడి దాకా దింపేది. తిరిగొచ్చే దారిలో ఎదురొచ్చేది. ఐదు నిమిషాలు ఆలస్యమైతే "ఎవురితో మాటాడతన్నావు?" అనేది. ఏం తప్పు చేశానో అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆవిడ పోయేదాకా ఆ చూపు పోలేదు.

నిన్నొక మాట అడగాలని ముప్పై మూడేళ్ళుగా అనుకుంటున్నాను. వద్దులే. ఇప్పుడున్న తలనొప్పి చాలు.

ఆదివారం అయ్యాక రాస్తాను. నా కోసం దేముడికి ఒక దీపం పెట్టు.

నీ అనూ


గాజువాక,
ఆదివారం, మధ్యాహ్నం.

నా అప్పకి,

బ్యాగులో బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టేశాను. ముందు ఆ మాట చెప్పేస్తే నీ గుండె కుదుటపడుతుంది. ఇప్పుడు నిదానంగా చదువు. మధ్యలో నవ్వొస్తే నవ్వుకో, ఈసారి ఏమీ అనను.

పొద్దున్న ఈయన స్కూటరు వెనకే మా ఆటో. సీతాలు చేపల వాసనతో సహా నా పక్కన ఇరుక్కుని కూర్చుని "అదిగో తిరిగాడు, అదిగో ఆగాడు" అని కామెంటరీ. స్కూటరు బీచ్ వైపు వెళ్ళనే లేదు. మల్కాపురం దాటి పోర్టు వైపు తిరిగి, వాళ్ళు పెరిగిన పాత క్వార్టర్స్ వెనక ఖాళీ జాగాలోకి వెళ్ళింది. నేనూ సీతాలూ ఆటో దిగి పిట్టగోడ వెంట నడిచాం.

చూద్దును కదా, నలుగురు మగాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని, తలలు ఒకచోట పెట్టి, నేల మీద దేన్నో చూస్తున్నారు. మీ మరిది, గురునాథరావు, బ్యాంకు కృష్ణంరాజు, టిఫిన్ సెంటర్ వాసు. గురునాథరావు నేలకి ముఖం ఆనించి ఊదుతున్నాడు. ఊది, తలెత్తి, "అబ్బ! ఈసారి గుంట భలే కుదిరిందిరా!" అన్నాడు.

నాకు ఒళ్ళు తెలియలేదు. గోడ దాటి వెళ్ళిపోయాను.

"ఏదీ? గుంట ఏది?" అన్నాను.

ఈయన ఉలిక్కిపడి లేచాడు. "నువ్వేంటే ఇక్కడ? ఏ గుంట?"

"వారం వారం వచ్చి సూస్తన్నావు కదా, ఆ గుంట! మరీ సిన్నదన్నావు కదా, ఆ గుంట! ఎక్కడ దాసినావు?" కోపంలో మీరు కాస్తా నువ్వు అయిపోయింది, భాష కాస్తా మన ఊరికి వెళ్ళిపోయింది.

నలుగురూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఈయన నెమ్మదిగా చెయ్యి చాపి నేల వైపు చూపించాడు. "ఇదిగోనే. ఇదే."

చూశాను. పైన నల్లటి బొగ్గు దుమ్ము, దాని మధ్య తవ్విన చోట ఎర్రగా, నిమ్మకాయ పట్టేంత గొయ్యి. పక్కన ఐదారు గోళీలు.

గోదావరి వాళ్ళు గొయ్యిని గుంట అంటారట అప్పా! ఇరవై ఏళ్ళుగా ఈయన నోట ఆ మాట మన అర్థంతోనే విన్నాను. చిన్ననాటి స్నేహితుల దగ్గరికి వచ్చేసరికి చిన్ననాటి మాట తిరిగొచ్చేసింది. ఆ ఎర్రమట్టి ఆ గోతిది. మోచేతులు గీసుకుపోవడం ఎందుకంటే, ఓడినవాడు గోళీని మోచేత్తో గుంట దాకా నెట్టుకెళ్ళాలట. ఈయనేమో ప్రతివారం ఓడిపోతాడు. జీళ్ళు గెలిచినవాడికి. మరి ఓడిన మనిషి జేబులో పొట్లం ఎలా ఉందంటే, గెలిచిన కృష్ణంరాజు జాలిపడి ఇచ్చాడట. అది మాత్రం నేను వదల్లేదు, షుగర్ గురించి అక్కడే నాలుగు చీవాట్లు పెట్టాను.

సీతాలు నేల మీద కూలబడి నవ్వింది. "గోతిని గుంటంటారేటి బాబూ! ఈవిడ గుండె ఆగిపోయేదండి!" అని కళ్ళు తుడుచుకుంటోంది. కృష్ణంరాజు చేతులు జోడించి "ఆయ్, చెల్లెమ్మగారూ, మావల్ల తప్పయిపోయిందండీ. ఇకనుంచి గొయ్యి అనే అంటామండీ" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. "ఈమాత్రం దానికి వాకింగ్ అని అబద్ధమెందుకు?" అని అడిగాను. ఈయన తల గోక్కుని అన్నాడు, "నవ్వుతావనుకున్నా. పైగా మనింట్లో చిన్నప్పటి మాటెత్తితే నువ్వు వంటింట్లోకి వెళ్ళిపోతావు కదే. నీకది ఇష్టం లేదేమో అనుకున్నాను."

అయినా నా బుద్ధి ఊరుకుంటుందా? "ఇంతకీ ఈ వయసులో ఏమిటిది?" అన్నాను. ఈయన చెప్పాడు: "వారమంతా ఫోన్ మోగుతుందేమోనని భయమే. వర్క్‌షాప్‌లో మెషిన్ ఆగితే నేనే, మనిషి రాకపోతే నేనే. ప్రతిదానికీ ఎందుకు అని ఎవడో ఒకడికి రాసి పంపాలి. ఇక్కడ గోళీ గుంటలో పడితే పడింది, లేకపోతే లేదు. ఎందుకు పడలేదని ఎవడూ అడగడు." గురునాథరావు అందుకుని, తాను రోజంతా పిల్లలకి ర్యాంకులు చెప్తాడట, ఇక్కడ మాత్రం ఆఖరి నుంచి రెండో ర్యాంకు తనదేనట, ఆ సుఖం ఇంకెక్కడా లేదట.

వినడానికి బాగానే ఉంది. కానీ నేను ఒకటి అడిగాను. "మీరు ఇక్కడ ఆడుకుంటున్నప్పుడు మీ అమ్మలెక్కడున్నారు? కుళాయి దగ్గర బిందెలతో లైన్లో. మీ అక్కలు? గిన్నెలు తోముతున్నారు. మీ ఆకలి ఇంకొకరు చూశారు కాబట్టి మీకు ఆ రోజులే వేరు." వాసు "నిజమే వదినా. మా అక్క ఒక్కసారి ఆడతానంటే తరిమేశాం" అన్నాడు.

అప్పుడు నాకొకటి తోచిందప్పా. మగాళ్ళకి చిన్నతనం ఎప్పుడు అయిపోయిందో తెలియదు. ఎవరూ వచ్చి చెప్పలేదు. చెప్పకుండా జారిపోయింది కాబట్టి ఇంకా ఎక్కడో ఉందేమోనని గోతుల్లో వెతుక్కుంటారు. మనకలా కాదు. మనకి రోజు తెలుసు, వారం తెలుసు. రెక్క పట్టుకుని లేపిన చెయ్యి ఎవరిదో తెలుసు. వెతుక్కోవడానికి ఏముంది? అందుకే నేను వంటింట్లోకి పోయేదాన్ని.

"ఒకటి ఇలా ఇవ్వండి" అన్నాను. ఈయన బిత్తరపోయి ఒక గోళీ ఇచ్చాడు. కొంగు బిగించి మోకాలి మీద కూర్చున్నాను. కృష్ణంరాజు గోళీ నాలుగు బారల దూరంలో ఉంది. బొటనవేలు నేల మీద ఆనించి, నడిమివేలు వెనక్కి లాగాను. ఆ వేలికి అన్నీ గుర్తున్నాయప్పా! టక్‌మని కొట్టింది. అది ఎగిరి గోడ దగ్గర పడింది. "ఓరి నాయనో, మీ ఆవిడేంట్రా బాబూ!" అని వాసు. రెండో దెబ్బకి గురునాథరావుది. మూడో దెబ్బకి నాది సరాసరి గుంటలో.

"పడింది!" అని అరిచాను. పిట్టగోడ మీద కాకులు లేచిపోయాయి. అరిచాక నాకు ఏడుపొచ్చేసింది. మట్టిచేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చాను. ఈయన నా పక్కన కూర్చున్నాడు కానీ ఎందుకని అడగలేదు. సీతాలు వాళ్ళందరినీ అటు తిరగమంది. తరవాత స్కూటరు మీద ఇంటికొస్తూ నేనే ఈయనకి అంతా చెప్పాను, ఆ డబ్బా, ఆ బావి, అన్నీ.

ఇప్పుడు నీకు చెప్పాల్సిన మాట. పోయిన ఉత్తరంలో మింగేసిన మాట. ముప్పై మూడేళ్ళుగా నా మనసులో ఒక మూల ఒక అనుమానం ఉంది. ఆ రోజు అమ్మతో నా మీద ఏదో చెప్పింది నువ్వేనని. నీ పెళ్ళిలో నీ తలంబ్రాలప్పుడు కూడా ఆ మాట మనసులో తిరిగింది. నీ దగ్గర తిన్న ప్రతి ముద్దలోనూ కాస్త ఉంది. ఇవాళ మట్టిలో గొయ్యిని చూసి ఆడపిల్ల అనుకుని కాపురం కూల్చుకోబోయినదాన్ని, నిన్ను మాత్రం ఎంత అన్యాయంగా అనుకుని ఉంటాను! నాది పాపిష్టి బుద్ధి. నువ్వు నాకు అన్నం పెట్టావు, నా ప్రేమపెళ్ళికి అమ్మ రాకపోతే నువ్వొచ్చి నిలబడ్డావు. నన్ను క్షమించు అప్పా.

వచ్చే ఆదివారం నువ్వు రా. నలుగురూ ఒప్పుకున్నారు. వాసు వాళ్ళ అక్కని కూడా తెస్తానన్నాడు. మనిద్దరం ఒక జట్టు.

ఎప్పటికీ నీ చెల్లెలు,
అనూ


తగరపువలస,
బుధవారం.

అనూకి, నా చిట్టిచెల్లికి,

అప్ప ఆశీర్వదించి రాస్తున్నది. నీలాగా నాకు గబగబా రాయడం రాదు. ఏడో తరగతితో ఆపేశారు కదా. కోడలి చేత రాయిద్దామనుకున్నాను, కానీ ఇది ఇంకొకరి చేత రాయించే మాట కాదు. నిన్న నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో.

నీ ఉత్తరంలో ఆ గుంట సంగతి దగ్గర పగలబడి నవ్వాను. బావ ఏటని అడిగితే చెప్పాను. ఆయన కూడా నవ్వాడు. దిబ్బల దగ్గర రెండు గంటలు ఎండలో తనని ఎందుకు తిప్పానో ఇప్పుడు తెలిసి కాస్త తిట్టాడు. మరిది మంచివాడు. నాకెప్పుడూ ఆయన మీద అనుమానం లేదు.

ఉత్తరం చివరికి వచ్చేసరికి నా నవ్వు పోయింది. నన్ను క్షమించమన్నావు. ఆ ఒక్క మాట మళ్ళీ మళ్ళీ చదివాను.

అనూ, నీ మొగుడి మీద నీ అనుమానం తప్పు. నా మీద నీ అనుమానం తప్పు కాదు.

నేనే చెప్పాను.

ఆ మూడు రోజులూ నన్ను ఆ చాప మీద నుంచి కదలనివ్వలేదు. నా కంచం వేరు, నా చెంబు వేరు. అమ్మలక్కలు వచ్చి చిమ్మిలి ఉండలు నోట్లో పెట్టి పాటలు పాడి పోయేవాళ్ళు. నాకు కడుపులో నొప్పి, ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నిన్నటిదాకా నేను కూడా నీ పక్కన ఆడినదాన్నే కదా. నీకంటే నా గురి మంచిదని అందరూ అనేవాళ్ళు, మర్చిపోయావా? గోడకి అవతల నువ్వు "పడింది! పడింది!" అని అరుస్తున్నావు. చెవులు మూసుకున్నా వినిపించింది. నాకొక్కదానికే ఎందుకు అయిపోయిందని కుళ్ళిపోయాను.

అమ్మ అన్నం తెచ్చినప్పుడు చెప్పాను. "అమ్మా, మొగ గుంటలు అనూ సెయ్యి అట్టుకుంటన్నారు. నాను కిటికీలోంచి సూసినాను" అని. కిటికీ అసలు అటువైపు లేనే లేదు. అమ్మ ఆ మాట కూడా ఆలోచించలేదు. కంచం అక్కడే వదిలేసి పరిగెత్తింది. గోళీలు బావిలో పడటం నేను కూడా విన్నాను. మొదట సంతోషించాను. అబద్ధం చెప్పను, సంతోషించాను. సాయంత్రం నువ్వు వచ్చి నా గది గడప అవతల కూర్చుని మోకాళ్ళ మట్టి దులుపుకున్నావు. అప్పుడు మాత్రం ఆ సంతోషం పోయింది.

ఆ రోజు నుంచి అమ్మ నిన్ను ఎలా చూసిందో రోజూ చూశాను. నీ వెనకాల బడికి వెళ్ళడం, నీ పుస్తకాలు వెతకడం. రేపు చెప్పేద్దాం, ఎల్లుండి చెప్పేద్దాం అనుకుంటూ నా పెళ్ళయిపోయింది. నీ పెళ్ళికి అమ్మ రాకపోతే నేను వచ్చి నిలబడ్డానన్నావు. ఎందుకు వచ్చాననుకుంటున్నావు? ఆ అబద్ధం లేకపోతే అమ్మ నిన్ను నమ్మేది, నువ్వు చేసుకునేవాణ్ణి కూడా నమ్మేది. అందుకు వచ్చాను.

నీ బుద్ధి పాపిష్టిదన్నావు. కాదమ్మా. చిన్నప్పుడు నీ అంత నమ్మేదాన్ని నేను చూడలేదు. తాటిముంజెలో గోళీ ఉంటుందని చెబితే కొరికి చూశావు. అమ్మ నిన్ను చూసిన చూపే నువ్వు ఇప్పుడు లోకాన్ని చూస్తున్నావు. ఆ చూపు నీకు పుట్టుకతో రాలేదు, నేను అంటించాను.

నా కుడిచెవికి ఇప్పుడు ఏమీ వినిపించదు. డాక్టరు గారు నరం చచ్చిపోయిందన్నారు. "పడింది!" అన్న నీ కేక మాత్రం అందులో ఉంది. నాకు చిన్నతనం అంటే అదే గుర్తు. అందరికీ బాగుంటుందట. నాకు తలుచుకుంటే సిగ్గు.

ఆదివారం ఆటకి పిలిచావు. ఈ ఉత్తరం చదవకముందు పిలిచావు. చదివాక మనసు మారితే నేను ఏమీ అనుకోను. ఏడింటికి ఇక్కడ బస్సెక్కుతాను. విశాఖపట్నంలో బస్సుల కాంప్లెక్స్ దగ్గర ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తాను. నువ్వు కనిపిస్తే దిగుతాను. కనిపించకపోతే కూర్చునే ఉంటాను, ఆ బస్సు మళ్ళీ తగరపువలసకే కదా వచ్చేది.

ఇట్లు,
నీ మీద చాడీ చెప్పిన గుంట,
దేముడమ్మ